వీపు ఫోటో

జనం పంపే ఫోటోలు చూసి ఈగల జాతులు చెప్పడం మాస్టారి పని. వీపు మీది బిరుసు వెంట్రుకలు లెక్కపెడితే గానీ ఆయన నోరు విప్పరు. మొహం ఫోటో పంపారో, "ఈగకేమన్నా పాస్‌పోర్టు తీస్తున్నారా? వీపు తీయండి!" అని దులిపేస్తారు.

ఆ రోజు భార్య ఫోన్లోంచి ఓ ఫోటో వచ్చింది. నల్లటి గుండ్రటి ఒళ్లు, దాని మీద తొమ్మిది వెంట్రుకలు. మాస్టారు స్కేలుతో వీపు గోక్కుంటూ రెండుసార్లు లెక్కపెట్టి, ఎగిరి గంతేశారు.

"ఏమేవ్! కొత్త జాతే ఇది! నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా నా కంటపడలేదు!"

"ఎలా పడుతుంది? అది మీ వీపు మీది పుట్టుమచ్చ. డాక్టరుకి చూపించమని నెల్రోజులుగా మొత్తుకుంటుంటే వింటేగా!"

మాస్టారు ఫోటోని పెద్దది చేసి మళ్లీ ఓసారి చూసుకున్నారు.

"ఏమాటకామాటే, ఇన్నేళ్లకి వీపు సరిగ్గా తీసింది నువ్వొక్కదానివే."