తర్వాత చూద్దాం

శిక్షణలో ఆరు రంగుల పద్ధతి నేర్చుకుని బడికి తిరిగొచ్చిన రోజున నా కాళ్ళు నేల మీద నిలవలేదు. తెలుపంటే వివరాలు, ఎరుపంటే మనసులో మాట, నలుపంటే నష్టాలు, పసుపంటే లాభాలు, ఆకుపచ్చంటే కొత్త ఉపాయం, నీలమంటే ముగింపు. వారానికొక విషయం మీద చర్చ. ఒక్కో జట్టుకి ఒక్కో రంగు కాగితం టోపీ, వారం వారం రంగు మారుతుంది. పిల్లలు ట్యాబుల్లో చీటీలు రాస్తే అవన్నీ ఒకే ఆన్‌లైన్ బోర్డు మీద కనిపిస్తాయి.

"పిల్లలకి టోపీలు పెట్టడం బాగానే నేర్చుకొచ్చారే!" అని సైన్సు మేష్టారు ఆటపట్టించారు. మీరింకా ఆ సుద్దముక్కనే పట్టుకుని ఉండండి అన్నాను.

విషయం తప్పిన చీటీ కనిపిస్తే నాకు ఒళ్ళు మండేది. దాన్ని బోర్డు కుడి మూలకి లాగి పడేసేదాన్ని. ఆ మూలకి 'తర్వాత చూద్దాం' అని పేరు పెట్టింది కూడా నేనే.

ఎనిమిదో తరగతిలో పదిహేడో నంబరు పిల్లని అందరూ నిమ్మళం అని పిలిచేవారు. ఏ పనీ తొందరపడి చేయదు, గొంతెత్తి మాట్లాడదు. ఆటస్థలం చుట్టూ గోడ కట్టాలా వద్దా అని చర్చ నడుస్తున్న రోజున నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"మేడమ్, మీతో ఒక మాట చెప్పాలండీ."

"ఇవాళ నీ రంగేంటి?"

"తెలుపండీ."

"మరి వెళ్ళి తెలుపులో రాయి. ఏం చెప్పినా బోర్డు మీదే."

వెళ్ళి రాసింది. అది గోడ గురించి కాదని మొదటి రెండు మాటల్లోనే తెలిసిపోయింది. మిగతాది చదవకుండా మూలకి లాగేశాను. ఆ తర్వాత వారాల్లో కూడా పదిహేడో నంబరు చీటీలు మూలకే పోయాయి.

ఆరు వారాలకి మా తరగతి చూడటానికి అధికారి వచ్చారు. బోర్డు కళకళలాడాలని ముందురోజే పాత చీటీలన్నిటి కిందా మెచ్చుకోలుగా బొటనవేలు గుర్తు నొక్కుకుంటూ పోయాను. ఆయన బోర్డంతా చూసి, "ఇక్కడ ప్రతి పిల్ల మాటకీ విలువ ఉందండీ," అన్నారు. పొంగిపోయాను.

నాలుగు రోజుల తర్వాత గుమాస్తా ఒక టీసీ కాగితం సంతకానికి తెచ్చాడు. పదిహేడో నంబరు. కారణం, కుటుంబ పరిస్థితులు.

ఆ సాయంత్రమే వాళ్ళ నాన్న ఇస్త్రీ కొట్టుకి వెళ్ళాను. ఆయన ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, స్టూలు తుడిచి వేశాడు.

"మా మరదలికి కవలలు పుట్టారండి. చూసుకోడానికి మనిషి కావాలంటే పిల్లని మొన్న పంపేశాం."

"పదో తరగతైనా అవ్వనివ్వాల్సింది కదండీ!"

ఆయన ఇస్త్రీ చేసిన బట్టలు పక్కకి జరిపాడు.

"మాకూ మనసొప్పలేదమ్మా. మేడమ్ వచ్చి మాట్లాడతారు, అప్పటిదాకా ఆగు నాన్నా అంది. నెలన్నర ఆపాను. మీరొచ్చి ఒక్క మాటంటే, అదే సాకుగా మరదలికి కాదని చెప్దామనుకున్నా. ఇప్పుడు మాటిచ్చేశాం. పిల్ల కూడా ఇక రానంటోంది."

"నాతో ఎప్పుడూ చెప్పలేదే!"

"వారం వారం రాస్తున్నానందండీ."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

బడికి వెనక్కొచ్చి, ఖాళీ తరగతి గదిలో బోర్డు తెరిచాను. ఆ మూలలో ఏముందో చదవడం అదే మొదటిసారి. తెలుపు చీటీలో ఉన్నది వివరమే: "మా అక్కని ఎనిమిదిలోనే మానిపించారు. ఇప్పుడు నన్ను." నలుపులో నష్టం రాసింది. ఎరుపులో భయంగా ఉందని రాసింది. పసుపు వారం పాపం ఎంత వెతుక్కుందో: "నేను వెళ్తే పిన్ని కాస్త నిద్రపోతుంది." ఆకుపచ్చలో ఉపాయం కూడా చెప్పింది: "మేడమ్ మా ఇంటికొచ్చి నాన్నతో మాట్లాడితే?"

నా తరగతిలో నా పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించింది ఆ పిల్లొక్కతే. బల్ల మీద తల వాల్చి ఏడ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

చివరి చీటీ నీలం. "మేడమ్‌కి తీరిక లేదు. ఇక ముగించవచ్చు."

దాని కింద నా బొటనవేలు గుర్తు ఉంది.