షెర్గాజీ తాత ఉమ్మి

మా కిర్గిజ్ జనం ఎక్కడెక్కడి నుంచి వచ్చి కలిశారో తేల్చే జన్యు పరిశోధనకు ప్రభుత్వం జీపు ఇచ్చింది, మంచుపెట్టె ఇచ్చింది. ఉమ్మి మాత్రం మనుషులే ఇవ్వాలి. అత్‌బాషీ లోయలో అదే దొరకలేదు.

షెర్గాజీ తాత కాదన్నాడు కాబట్టి లోయంతా కాదంది. ఆయన పేరున్న రౌతు. తల్లులు పసిపిల్లలను ఆయన దగ్గరికి తెచ్చి, నోట్లో చుక్క ఉమ్మి వేయించుకుంటారు, ఆయన గుణం అబ్బాలని. అలాంటాయన ముందు నేను ప్లాస్టిక్ గొట్టం పెట్టాను.

"నా ఉమ్మి తీసుకుని నీ గొట్టం గుర్రమెక్కుతుందా?" అన్నాడు. డేరాలో అందరూ పగలబడి నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. "ఎక్కదు తాతా. మీ వంశం ఎక్కడిదో చెబుతుంది."

"దానికి గొట్టమెందుకు? నన్నడుగు." ఊపిరి తీసుకోకుండా ఏడు తరాల తాతల పేర్లు అప్పజెప్పాడు. "ఇక నీ వంతు. ఎవరి పిల్లవి నువ్వు?"

మాలో అక్షరాలకంటే ముందు పిల్లలకు ఆ ఏడు పేర్లు నేర్పుతారు. నాకు తెలిసింది ఒక్కటే, మా నాన్నది. ఆయన రెండో ప్రపంచ యుద్ధకాలంలో అనాథాశ్రమం మెట్ల మీద దొరికాడు. ఆ పేరైనా అక్కడి ఆయా పెట్టిందే. పెళ్లిళ్లలో తాతల ప్రస్తావన వస్తే సిగరెట్టు కాల్చుకోవాలని బయటికి పోతాడు. ఆయనకు సిగరెట్టు అలవాటే లేదు.

మామూలుగా ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. ఆ రోజు ఓపిక లేక ఉన్నదంతా చెప్పేశాను. "పెట్టెలో మొదటి గొట్టం మా నాన్నదే తాతా. ఎనభై దాటాయి. ఆయన ఉండగానే ఆ ఉమ్మి ఎవరో ఒకరి ఉమ్మితో కలవాలి." ఇంతమంది ముందు ఏడుపేమిటని నా మీద నాకే కోపం వచ్చింది.

తాత భార్య బురుల్ అవ్వ గొట్టం లాక్కుని ఆయన చేతిలో కుక్కింది. "ఊళ్లో పిల్లలందరి నోళ్లలో ఊశావు కదయ్యా, ఈ పిల్ల అయ్య కోసం ఊయడానికేం రోగం?"

తాత మూత తీశాడు. "ఆగండి, తాగాక అరగంట గడవాలి!" అని అరిచాను.

ఆయన గుర్రపు పాల గిన్నె పక్కకు నెట్టాడు. ఒక్కొక్కరే మిగతావాళ్లూ నెట్టారు. మా డేరాల్లో అలా నెట్టడం నేనెన్నడూ చూడలేదు.

"ఊరికే కూచోవడమెందుకు? మీ నాన్నకు ఫోన్ కలుపు," అన్నాడు తాత. గుట్ట ఎక్కితే సిగ్నల్ దొరికింది.

"తమ్ముడూ, నీ కూతురు నా ఉమ్మి కోసమొచ్చింది," అని ఫోన్లో కేక పెట్టాడు. "నీదీ నాదీ కలిస్తే నా తాతలు నీ తాతలే. కలవకపోతే పక్క లోయలో అడుగుదాం. ఎవరూ తేలకపోయినా నా ఇంటికి రా, గొర్రెను కోస్తా. వినబడుతుందా?" అని గుక్క తిప్పుకోకుండా తన ఏడుగురి పేర్లూ వినిపించాడు.

అవతలి నుంచి నాన్న గొంతు వినిపించింది.

"అన్నా, ఆ పేర్లు మళ్లీ ఒకసారి చెప్తావా? మెల్లగా."

ఇంకా ఏమీ తేలలేదు నాన్నా అని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. తాత మొదటి పేరు అందుకున్నాడు. నాన్న ఆయన వెంటే పలికాడు.