చెయ్యి వదలని రాయి

రోజూ కొండ మీది ల్యాబ్‌కి రాగానే ఆమె చేసే మొదటి పని ట్రేల మీద తడిగుడ్డలు తీసి రాళ్లను చూసుకోవడం. కొండ కింద ఊరు. ఊరి అడుగున భూమిలో పెద్ద పగులు. అందులోకి డ్రిల్లింగ్ చేసి పైకి లాగిన రాతి కడ్డీలవి. వాటిని కోసి, ఏ పొర ఎటు జారిందో, ఎంత నలిగిందో చూసి, ఆ పగులు మళ్లీ ఎప్పుడు కదులుతుందో అంచనా కట్టడం ఆమె ఉద్యోగం.

పగులు నట్టనడుమ దొరికిన నల్లముక్క ఒకటుంది. దానికి భయమెక్కువ. కింద నేల బిగుసుకున్నప్పుడల్లా వణికి, దగ్గరున్నవాళ్ల చెయ్యి పట్టుకుంటుంది. కాసేపు నిమిరితే వదిలేస్తుంది. అందరికీ అలవాటే.

ఆ మధ్యాహ్నం అది ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"మీ ఆయన కూడా ఇంతసేపు పట్టుకోడేమో మేడం," అని నవ్వాడు రాళ్లు కోసే మేస్త్రి. నూనె రాశాడు. రాయి ఇంకా బిగించింది. అతని నవ్వు మాయమైంది.

అరచేతిలో అది పిట్టగుండెలా కొట్టుకుంటోంది. పగులు కదలబోతోందని ఆమెకి అర్థమైంది.

పెద్ద సైంటిస్టు ఊరు ఖాళీ చేయించమని ఊళ్లో సర్కారు ఆఫీసుకి ఫోన్ చేసి, ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "అదెప్పుడూ వణికేదే కదా అంటున్నారు."

భర్త పనిమీద పొరుగూరెళ్లాడు. ఇంట్లో అత్తగారు, పాలు తాగే పాప. నాలుగో అంతస్తు. ఆమె ఎడంచేత్తో ఫోన్ కలిపింది.

"అత్తయ్యా, పాపని తీసుకుని వెంటనే బయటికొచ్చెయ్యండి!"

"మళ్లీ భూకంపమా? నీ పెళ్లైన దగ్గర్నుంచీ వింటున్నా. పిల్ల ఇప్పుడే నిద్రపోయింది."

భయపెడితే అత్తగారు కదలదని ఆమెకి తెలుసు.

"అది కాదు అత్తయ్యా. రాయి చెయ్యి వదలట్లేదు. ఇవాళ ఇంటికి రాలేను. పాపకి పాలెవరిస్తారు?"

"ఖర్మ! సంసారం నాకొదిలేసి రాయిని కట్టుకున్నావా? సరే, పిల్లనేసుకుని బస్సెక్కుతున్నా."

ఆమె ల్యాబ్ గేటు దగ్గర నిలబడింది. రాయి నొక్కే నొక్కుకి వేళ్లు నీలమెక్కాయి. కాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. మలుపులో బస్సు ఆగింది. పాపని భుజాన వేసుకుని, తిడుతూనే, అత్తగారు దిగింది.

నేల కదిలింది.

ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడ్డారు. కింద నుంచి రుబ్బురోలు తిరిగినట్టు చప్పుడు. పాప మీద ఒళ్లు కప్పి ఆమె కళ్లు మూసుకుంది. ఊగడం ఎప్పుడాగిందో తెలియలేదు. రాయి చేతిలోంచి జారి గడ్డిలో పడింది. ఇక వణకడం లేదు.

కొండ కింద, వాళ్ల వీధి ఉండాల్సిన చోట దుమ్ము లేస్తోంది.

అత్తగారు అటే చూసింది. సంచిలో తడుముకుని తాళంచెవి తీసింది.

"స్టవ్ ఆపే వచ్చానమ్మా," అంది సన్నగా. "తలుపు కూడా వేశాను."