షాకులు విప్పిన జీపు

కిరసనాయిలులో నానిన నట్టు మూడో గుంజుడుకు కదిలింది. జీపు కింద గోనెపట్టా మీద వెల్లకిలా పడుకున్న గట్టయ్య ముఖం మీద తుప్పు పొడి రాలింది. కళ్లు మూసుకుని, ఉఫ్‌మని ఊది, మళ్లీ పానా తిప్పాడు.

యాభై రెండేళ్ల మనిషి, పొట్టివాడు. కుడి చూపుడువేలి గోరు ఎప్పుడో నలిగి నల్లగా గడ్డకట్టిపోయింది. వారంలో ఆరు రోజులు మందమర్రి బొగ్గు గనుల వర్క్‌షాపులో ఫిట్టరు పని. ఆదివారం మాత్రం క్వార్టరు ముందు, ఎవరి బండి వస్తే ఆ బండి కింద దూరేవాడు. సంఘం మీటింగుల్లో వెనక నిలబడేవాడు. కల్లు దుకాణంలో ఒక మూల కూర్చుని తాగి, మాట్లాడకుండా లేచిపోయేవాడు. పన్నెండేళ్లుగా అదే కాలనీలో ఉంటున్నా, ఫలానా మాట గట్టయ్య అన్నాడని చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.

ఆ ఆదివారం వచ్చిన జీపు మనోహరరావుది. గనుల్లో పైకప్పుకు ఆసరాగా నిలబెట్టే కర్రదుంగలు సరఫరా చేసే కాంట్రాక్టరు అతను. మిలిటరీ వేలంలో కొన్న బండి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది కనుక అడవిలో ఎంత బురదనైనా దాటుతుంది. డ్రైవరు హనుమంతు పొద్దున్నే రావును దించి, బండిని అక్కడే వదిలి, చెల్లెలి పెళ్లికని మెట్‌పల్లి వెళ్లిపోయాడు. రావుకు బండి నడపడం రాదు. మెకానిక్కుల మీద నమ్మకమూ లేదు. అందుకే కొత్త సామాను పక్కన పెట్టుకుని నులక మంచం మీద కాపలా కూర్చున్నాడు.

"నడుములు పోతున్నయ్‌రా. షాకులు మార్చకపోతె జీపెక్కద్దన్నడు డాక్టరు," అన్నాడు వచ్చీ రాగానే. అంతకుమించి మాట్లాడలేదు, గట్టయ్య ముఖం కూడా చూడలేదు.

గట్టయ్యకు ఆ జీపులో ప్రతి బోల్టూ తెలుసు. ఎడమ మడ్‌గార్డు మీది రేకు అతుకు తన చేత్తో వేసిందే.

మొదటి షాకు ఊడివచ్చింది. జానెడున్నర ఇనుప గొట్టం, పొడవునా నూనె కారి మట్టి పట్టింది. కమాను పట్టీల మీద ఎగిరే బండిని అదిమి పట్టవలసింది అదే. గట్టయ్య రెండు చివరలూ పట్టుకుని గుంజాడు. ఏ బిగువూ లేకుండా సైకిలు పంపులా పోయి వచ్చింది. పక్కన పడేసి రెండోదాని కిందికి జరిగాడు.

పన్నెండేళ్ల కింద, అడవిలో ఇదే రావు క్యాంపులో గట్టయ్య లారీల మెకానిక్కు. భార్య యాదవ్వకు నొప్పులు మొదలై రెండు రోజులైనా కాన్పు కాలేదు. మంచిర్యాల దవాఖానకు తీసుకుపొమ్మంది మంత్రసాని. ఆ పొద్దున గట్టయ్య స్వయంగా ఇంజను బాగుచేసి పెట్టిన జీపు క్యాంపు ముందే నిలబడి ఉంది. కాళ్ల మీద పడితే రావు పేపరు దించకుండానే చెప్పాడు. "రోడ్డు మంచిగ లేదు. జీపు పాడైతది. బండి మీద తీస్కపో."

ఎడ్లబండి వాగు దాటుతుండగా యాదవ్వ గట్టయ్య చెయ్యి వదిలేసింది. బిడ్డ బయటికి రానే లేదు.

నీళ్ల చెంబుతో దుర్గవ్వ వచ్చింది. భర్త పోయాక తమ్ముడి దగ్గరే ఉంటున్న అక్క. మంచం మీది మనిషిని చూసి ఆగిపోయింది. చెంబు అతనికి ఇవ్వలేదు. జీపు పక్కన గొంతుకూర్చుని కిందికి వంగింది.

"తమ్మీ, గా దొరనే గాదు?"

"ఆఁ."

"నిన్ను గుర్తు పట్టిండా?"

"పట్టలే."

గట్టయ్య తల దగ్గరే ముందు చక్రానికి పోయే బ్రేకు రబ్బరు గొట్టం వేలాడుతోంది. మొలలో చాకు ఉంది. చిన్న గాటు చాలు. ఇవాళ కాదు, రేపు కాదు, ఎప్పుడో ఒక ఘాటురోడ్డు దిగేటప్పుడు తెగిపోతుంది. దుర్గవ్వ అతని చూపును చూసింది, చేతిని చూసింది. వద్దనలేదు. "హనుమంతు సుత సస్తడు గదరా," అంది మెల్లగా.

గట్టయ్య ఆ గొట్టాన్ని వేలితో పక్కకు నెట్టాడు.

"గీయన సుత సావద్దక్కా. సస్తె ఏం తెల్వది," అని పానా అందుకున్నాడు.

పదకొండు గంటలకు నాలుగు షాకులూ విప్పడం అయింది. చేతులు తుడుచుకుంటూ మంచం దగ్గరికి వచ్చాడు. "దొరా, పట్టీలల్ల సుత సప్పుడున్నట్టు కొడుతంది. కొత్తయి బిగిస్తె తెల్వది. ఒక్కపారి తిప్పి చూడాలె. మీరు ఎక్కుండ్రి, సప్పుడు మీకే ఎర్కైతది."

రావు అనుమానంగా చూశాడు. తాను లేకుండా బండి పంపడం ఇష్టం లేక ఎక్కాడు.

గట్టయ్య కాలనీ వీధి దాటేదాకా నెమ్మదిగా పోనిచ్చాడు. ఆ తర్వాత అడవి వైపు బాట ఎక్కాడు. దుంగల లారీలు తొక్కి తొక్కి గుంతలైన బాట. మొదటి గుంతలో దిగిన జీపు లేచి, మళ్లీ పడి, మళ్లీ లేచింది. అదిమేది ఏదీ లేక ఒక్కో గుంతకు నాలుగుసార్లు ఎగిరింది. రావు రెండు చేతులతో ముందున్న కడ్డీ పట్టుకున్నాడు.

"మెల్లగరా!"

గట్టయ్య మెల్లగా పోలేదు. తొందరగానూ పోలేదు. గుంతను వెతుక్కుంటూ పోయాడు.

"ఆపుమంటున్నా! నడుము ఇరుగుతందిరా, నీ కాళ్లు మొక్కుత!"

ఆ మాట చెవిలో పడ్డాక కూడా మూడు మైళ్లు పోనిచ్చాడు. వాగు ఒడ్డున ఆపాడు. ఎండాకాలం కావడంతో వాగులో ఇసుక తప్ప నీళ్లు లేవు. రావు ముఖం పాలిపోయింది. దిగబోయి, నడుము లేవక, చక్రం పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

"నా ఆడిది గీడ సచ్చింది," అన్నాడు గట్టయ్య, ఇసుక వైపు చెయ్యి చూపి. "కడుపుల పిల్లతోటి. జీపు అడిగిన. రోడ్డు మంచిగ లేదన్నవు."

రావు కళ్లు చికిలించి చూశాడు. గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించినట్టు కనిపించింది. "ఎప్పుడు? క్యాంపుల మస్తుమంది అడుగుతుండిరి. ఎవ్వర్నని యాదిపెట్టుకుంటరా?"

పన్నెండేళ్లు గట్టయ్య ఈ మనిషి ముందు నిలబడి ఈ మాట అనాలని బతికాడు. రావు బూతులు తిడతాడనుకున్నాడు, బుకాయిస్తాడనుకున్నాడు. మరిచిపోయి ఉంటాడని ఒక్కనాడూ అనుకోలేదు.

అడవిలోంచి కట్టెల బండి ఒకటి వస్తోంది. తోలుతున్న ఇస్తారిని గట్టయ్య ఎరుగును. చెయ్యెత్తి ఆపాడు.

"దొరను ఇంటికాడ దించు."

"జీపుండంగ బండెందుకురా!" అని అరిచాడు రావు. "మెల్లగ తోలుకపో. నేను బండెక్క."

"రోడ్డు మంచిగ లేదు. జీపు పాడైతది. బండి మీద పో."

ఆ మాట తనదేనని రావుకు తోచిందో లేదో తెలియదు. ఇస్తారి బెదురుతూనే అతన్ని చంకల కింద చేతులు వేసి లేపి, కట్టెల మీద పడుకోబెట్టాడు. బండి కదిలింది. మొదటి రాయి మీద చక్రం ఎక్కి దిగగానే రావు మూలిగాడు. రెండో రాయికి పెదవి కొరుక్కున్నాడు. పది బారలు పోయాక ఆగుమని చెయ్యెత్తి, మోచేతి మీద లేచాడు.

"ఆమె పేరేంది?" అని అడిగాడు.

గట్టయ్య నోటిదాకా వచ్చింది పేరు.

"నీకు చెప్ప," అన్నాడు.

బండి పోయింది. అది మలుపు తిరిగేదాకా నిలబడి, గట్టయ్య ఇసుకలోకి దిగి కాసేపు కూర్చున్నాడు. అప్పుడు పేరు పెట్టి పిలిచాడు, ఒక్కసారే.

ఇంటికి ఖాళీ జీపును గుంతలు తప్పించుకుంటూ తెచ్చాడు. దుర్గవ్వ అన్నం పెట్టింది. తిని లేచి కొత్త షాకుల కట్టు విప్పాడు. ఒక్కోదాన్ని నిలువుగా పట్టుకుని, లోపలి గాలి పోయేదాకా పది పన్నెండుసార్లు అదిమి లాగాడు. కొత్త రబ్బర్లు సబ్బునీళ్లతో ఎక్కించాడు. నాలుగూ బిగించి, మళ్లీ మొదటినుంచి నాలుగు నట్లనూ తడిమి చూశాడు.

"దొర చెప్తె రేపు గేటుకాడ్నే పని తీసేస్తరు," అంది దుర్గవ్వ.

"తీసేసేదాక ఎందుకుండాలె? జమ్మికుంటల పత్తి మిల్లుకు ఫిట్టరు కావాలన్నరట. సామాను సర్దక్కా."

రెండు మూటలు, ఒక ట్రంకు. పొద్దుగూకే వేళకు పాసింజరు వచ్చింది. గట్టయ్య అక్కను ఎక్కించి తానూ ఎక్కాడు. స్టేషనులో అతన్ని చూసినవాళ్లు ఎక్కడికని కూడా అడగలేదు.

మర్నాడు హనుమంతు వచ్చేసరికి క్వార్టరుకు తాళం ఉంది. దొర మంచం పట్టాడని, జీపు తీసుకురమ్మన్నాడని అప్పటికే విని వచ్చాడు. జీపు ముందుభాగం మీద రెండు చేతులూ ఆనించి బరువంతా వేశాడు. ఒక్కసారి దిగి, లేచి, కదలకుండా నిలబడింది. సీటెక్కి కూర్చున్నాక చూశాడు. స్టీరింగుకు నూలు దారంతో కట్టి ఉంది, కంపెనీ గేటు దగ్గర ప్రతి పొద్దూ చూపించే ఇత్తడి బిళ్ల. రుద్ది రుద్ది తళతళలాడుతున్న ఆ బిళ్ల మీద 'గట్టయ్య, ఫిట్టరు, 217' అని అక్షరాలు లోతుగా చెక్కి ఉన్నాయి.