ఇంకో అర చుట్టు

తెల్ల కాగితం మీద నల్ల చుక్క.

మళ్ళీ.

మోటార్‌సైకిల్ కింద రోజూ కాగితం పరుస్తుంది ఆమె. పొద్దున్నే ఆ చుక్కే పలకరిస్తుంది. మూడుసార్లు ఇంజన్ మూత విప్పింది. నూనె కారకుండా మూడుసార్లు కొత్త గాస్కెట్ వేసింది. అయినా... చుక్క.

"ఇవాళ కూడా కారిందంటే పాత ఇనుము వాడికి ఇచ్చేస్తాను. సాయంత్రం రమ్మన్నాను," అంది అమ్మ. అమ్మ అన్నదంటే అన్నదే.

నాన్న వరండా కుర్చీలోంచి బండివైపే చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళు బళ్ళు బాగుచేసిన మనిషి. ఇప్పుడు చేతులు వణుకుతాయి, పానా నిలవదు. ఆయన చేతి పనిలో మిగిలింది ఈ బండి ఒక్కటే. ఇదీ పోతే, ఆ వరండా కుర్చీలో కూర్చుని ఇక దేనివైపు చూస్తాడు?

అందుకే నాలుగోసారి కూర్చుంది. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు — తండ్రికీ అంతే, కూతురికీ అంతే.

మూత విప్పింది. తుడిచింది. అద్దం ముక్క మీద బోర్లించింది.

అద్దానికీ మూతకీ మధ్య... వెలుగు. వెంట్రుక మందాన.

మూత వంగిపోయింది.

బోల్టు బిగిశాక కూడా ఇంకో అర చుట్టు — అది నాన్న అలవాటు. "ఉండనీ, మనసుకి నిమ్మళం," అనేవాడు. ఆమె చేతికీ అదే వచ్చింది. కారిన కొద్దీ బిగించారు. బిగించిన కొద్దీ కారింది.

ఆ వెలుగు నాన్న కూడా చూశాడు. తల దించుకున్నాడు. ఆమె మనసు చివుక్కుమంది.

"ఇద్దరం కలిసే వంచాం నాన్నా. ఇద్దరం కలిసే సరిచేద్దాం, రా."

అద్దం మీద గరుకు కాగితం పరిచి మూతను రుద్దింది. గుండ్రంగా, నెమ్మదిగా. అద్దం కదలకుండా నాన్న అరచేతులతో అదిమి పట్టాడు. బరువు ఆనగానే ఆ చేతుల వణుకు ఆగింది. ఎండ వరండా దాటింది. భుజం లాగింది. రుద్దింది. మెడ పట్టేసింది. రుద్దింది.

వెలుగు పోయింది.

ఇక బోల్టులు. ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా. చివరిది బిగిసింది. మణికట్టు దానంతట అదే ఇంకో అర చుట్టుకు లేచింది...

"చాలమ్మా," అన్నాడు నాన్న.

ముప్ఫై ఏళ్ళలో ఆ నోట రాని మాట.

కింద కొత్త కాగితం పరిచి కిక్ కొట్టింది. ఇంజన్ అందుకుంది. వీధిలో ఇనుము వాడి కేక వినిపించింది. అమ్మ గేటు దాకా వెళ్ళి, "కాసేపు ఆగు," అంది.

ముగ్గురూ వంగి చూస్తున్నారు. మూత అంచున ఏదో మెరిసింది. నూనో... ఆమె చెమటో.

ఆమె పానా అందుకోలేదు.

తెల్ల కాగితం. ఇంకా తెల్లగానే —