చెంబు కనబడితే ఎండ్రకాయలు ఆగాలి

నేను ఒక అప్పడాల కర్రలో విరిగిన సగాన్ని. నా రెండో పుట్టుక భూషణం డ్యూటీ సంచిని అతని భార్య సర్దుతున్న పూట జరిగింది.

భూషణం డోర్నకల్‌లో గూడ్సు బండి డ్రైవరు. కబురు రాగానే బయల్దేరాలి. రాక మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు. భార్య తాయారమ్మ లుంగీ, టార్చిలైటు, చపాతీలు, మామిడికాయ పచ్చడి సర్దుతూ ప్రతిసారీ అదే ప్రశ్న వేసేది.

"మళ్ళ ఎప్పుడొస్తవయ్యా?"

"సిగ్నల్ ఇచ్చినప్పుడు వస్తనే."

ఆ జవాబు ఆమెకు ఏనాడూ నచ్చలేదు. ఆ రోజు కోపమంతా టిఫిను డబ్బా మీద చూపించింది. మూత పడకపోతే నాతో గట్టిగా నాలుగు దెబ్బలు వేసింది. మూత పడింది, నేను విరిగాను. మనుషులు దిగులు పడితే వస్తువులకు దెబ్బలు తగులుతాయని నాకు అప్పుడే తెలిసింది.

వాళ్ళ కూతురు సుభాషిణి నన్ను పొయ్యిలోకి పోనివ్వలేదు. ఖమ్మంలో కంప్యూటరు నేర్చుకుని, మూతబడిన ఒక శిక్షణ కేంద్రం నుంచి పాత కంప్యూటరు తెచ్చుకుంది. దాని మీద సొంతంగా ఒక ఆట రాసింది. నల్లటి ఆకాశం, కింద ముక్కోణం లాంటి రాకెట్టు, పైనుంచి దిగే శత్రువులు. వాటిని భయంకరంగా గీద్దామనుకుంది గానీ కాళ్ళు ఎక్కువై ఎండ్రకాయల్లా వచ్చాయి. నన్ను ఒక సబ్బుపెట్టెలో నిలబెట్టి, చుట్టూ టార్చిలైటు రేకులు బిగించి, తీగతో కంప్యూటరుకు కలిపింది. నన్ను ఎటు వంచితే రాకెట్టు అటు పోతుంది. పక్కనే పాత కాలింగ్ బెల్ స్విచ్చి; అది నొక్కితే గుండు పేలుతుంది. రొట్టెలు ఒత్తిన నేను ఆకాశంలో యుద్ధానికి వెళ్ళాను!

తాయారమ్మ మొదట దూరంగా నిలబడి చూసింది.

"ఇంతకీ ఇది ఇంటికి ఎప్పుడొస్తది?"

"రాదమ్మా. చచ్చేదాకా కాల్చుడే. ఇట్లాంటి ఆటలన్నీ అంతే."

"అయితే నీ ఆట నాకొద్దు తల్లీ. బయల్దేరినోళ్ళు ఇల్లు చేరకపోతే అది ఆటెట్లయితది?"

సుభాషిణి నవ్వింది గానీ ఆట మార్చింది. మూడు మందల ఎండ్రకాయల్ని కాల్చేస్తే రాకెట్టు వెనక్కి తిరిగి ప్లాట్‌ఫారం మీదికొచ్చి ఆగుతుంది, పచ్చజెండా ఊగుతుంది. అప్పుడు కూర్చుంది తాయారమ్మ, వంటచేతుల పసుపుతోనే.

రెండో మంద దిగుతుండగా భూషణం పోపు ఘాటుకు తుమ్మాడు. తాయారమ్మ చటుక్కున నన్ను వదిలేసింది. "ఆగు నాయనా, తుమ్ము పడ్డది. మంచినీళ్ళు తాగి పోదువు," అని రాకెట్టుకు చెప్పి చెంబు కోసం లేచింది. తిరిగి వచ్చేసరికి ఎండ్రకాయలు రాకెట్టును నమిలేశాయి.

"తొండి! తుమ్మితే ఆగాలని వాటికి తెల్వదా?"

"అవి వేరే గ్రహానివే!" అన్నాడు భూషణం, కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వుతూ.

"ఏ గ్రహమైతే ఏంది, తుమ్ము తుమ్మే!"

సుభాషిణి ఆ సదుపాయమూ పెట్టింది. స్విచ్చి రెండుసార్లు నొక్కితే తెర మీద చెంబు కనిపిస్తుంది. చెంబు ఉన్నంతసేపు ఎండ్రకాయలు బుద్ధిగా నిలబడతాయి.

ఒక వానాకాలం మధ్యాహ్నం, పట్టాల మీదికి వరద వచ్చిందని, గూడ్సులన్నీ దారిలోనే నిలిచాయని రైల్వే కాలనీ అంతా గుప్పుమంది. భూషణం బండి ఎక్కడుందో ఎవరూ చెప్పలేకపోయారు. తాయారమ్మ వచ్చి నన్ను పట్టుకుంది. ఆ అరచేయి చెమటకు నేను నానిపోయాను. మూడో మందలో సుభాషిణి తుమ్మింది. చెంబు వచ్చింది. తాయారమ్మ నిజంగానే నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, మళ్ళీ కూర్చుంది. ఆమె రాకెట్టు మొదటిసారి ఇల్లు చేరింది! తల్లీకూతుళ్ళు ఎగిరిన ఎగురుకు గోడ మీది క్యాలెండరు ఊడిపడింది.

మర్నాడు భూషణం మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు.

"నిన్ననే తెచ్చిన నిన్ను," అంది తాయారమ్మ.

"ఓహో, బండి నడిపింది నువ్వా?"

నడిపింది నేనని ఎవరూ అనలేదు. అంతటితో దక్షిణాది రైళ్ళ భారమంతా నా మీద పడింది. అతను డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా ఇక్కడ ఆట, ఎండ్రకాయల కేకలు, ఇరుగుపొరుగు నవ్వులు. సుభాషిణి అదే ఊళ్ళో కంప్యూటరు పాఠాలు చెబుతూ, కంప్యూటర్లు మారినా నా తీగ మారుస్తూ వచ్చింది. భూషణం ప్రతిసారీ ఇల్లు చేరాడు, క్షేమంగా రిటైరయ్యాడు.

తర్వాత గుండె ఆపరేషనుకు హైదరాబాదు వెళ్ళాల్సింది తాయారమ్మే. ఈసారి సంచి భూషణం సర్దాడు. టార్చిలైటు, తన లుంగీ, పాత పచ్చజెండా!

"నేను పోయేది ఆసుపత్రికా, గూడ్సు మీదికా?" అని ఆమె పడీ పడీ నవ్వింది. అడుగున నన్ను చూసి బయటికి తీసింది, జెండా కూడా. "ఇవి ఇక్కడే ఉండనీ. తోడు సుభాషిణి వస్తది గదా. ఈసారి నువ్వు తేవయ్యా నన్ను."

గడప దాటుతుంటే భూషణం తుమ్మాడు. ఆమె వెనక్కి వచ్చి, అరుగు మీద కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగి, అప్పుడు వెళ్ళింది.

ఆ ముసలి డ్రైవరు నన్ను పట్టుకుని ఎన్నిసార్లు ఓడాడో! ఎండ్రకాయల్ని బూతులు తిట్టాడు, తుమ్ము లేకుండానే చెంబు పెట్టాడు. చివరికి రాకెట్టును ప్లాట్‌ఫారం మీదికి తెచ్చాడు. లేచి నిలబడి, తెరకు ఎదురుగా తన జెండా కూడా ఊపాడు.

తాయారమ్మ వెళ్ళింది 2011 నవంబరు 9, బుధవారం. తిరిగి రాలేదు.