విమలమ్మ కుడికాలు

పొద్దున్నే నయీంనగర్ ఇంటి నుంచి వరంగల్ చౌరస్తాలోని బట్టల దుకాణానికి శ్యాంసుందర్ తన పాత కారులో బయలుదేరతాడు. పక్క సీట్లో భార్య విమలమ్మ, ఆమె ఒడిలో టిఫిన్ డబ్బా. దారిలో కుక్క కనబడినా, స్కూలు ఆటో కనబడినా, రోడ్డు దాటాలా వద్దా అని ఆలోచించే ముసలమ్మ కనబడినా విమలమ్మ కుడికాలు తన ముందున్న మ్యాటును గట్టిగా తొక్కుతుంది. కారు ఆగుతుంది.

పక్క సీట్లో కూర్చున్న ఏ ఇల్లాలైనా తొక్కుతుంది, అక్కడ లేని బ్రేకును. విమలమ్మ తొక్కితే బండి నిలుస్తుంది. తేడా అంతే. కొందరు డాక్టర్లకు హస్తవాసి ఉన్నట్టు ఈమెకు కాలు అట్లా కుదిరిందని ఊరు ఊరంతా ఒప్పుకుని తన పని తాను చూసుకుంది. ఏటూరునాగారం బస్సులో పోతూ అడవిలో జింకపిల్లను చూసి ఆమె ఒకసారి తొక్కింది. ఆ ఊపుకు వెనక ఉన్న కండక్టర్ చేతిలోని టికెట్లు డ్రైవర్ జేబులోకి వెళ్లిపడ్డాయి. కాజీపేటలో రైలెక్కి, సీటు కింద చెప్పు కోసం వెతుకుతూ ఊరికే కాలు ఆనించింది. ఆ చెప్పు దొరికేదాకా వెనక రైళ్లు డోర్నకల్ వరకు వరసకట్టి నిలబడ్డాయి. కాదనేవాళ్లు ఎవరైనా ఉంటే నా ముందుకు రావాలి. ఇంతవరకు ఎవరూ రాలేదు.

ఊరికి లేని కోపం శ్యాంసుందర్‌కు ఉంది.

"గా ముసలామె ఇంకా ఫుట్‌పాత్ మీదనే ఉన్నది కదనే. ఎందుకు ఆపినవ్?"

"ఉన్నది. కాని దిగుదామని చూస్తాంది."

"చూస్తేనే ఆపుతవా?"

"దిగినంక ఆపితే ఏం ఫాయిదా?"

ఈ మాటలు రోజూ ఎమ్‌జీఎమ్ దవాఖాన ముందు మొదలై పోచమ్మ మైదాన్ దగ్గర ముగుస్తాయి. పెళ్లయిన నాటి నుంచి శ్యాంసుందర్ తన బండిలో నాలుగో గేరు మొహం చూడలేదు. స్టీరింగు తన చేతిలో, పెత్తనం ఆమె కాలిలో. ఇది ఏ న్యాయం అని ఆయన దుకాణంలో చీరలు మడతపెట్టేవాళ్లను కూడా అడిగేవాడు. వాళ్లు మడతలు పెట్టేవాళ్లు.

ఆ కోపం మీద ఆయన బామ్మర్ది పెట్రోలు పోశాడు. విమలమ్మ తమ్ముడు కుమారస్వామి, ఎనుమాముల మార్కెట్లో పత్తి వ్యాపారి, దసరాకు ఎర్రటి స్పోర్ట్స్ సెడాన్ కొన్నాడు. కొన్ననాటి నుంచి పొద్దున లేచి బావ ఇంటి ముందు ఒక రౌండు కొట్టి, ఇంజను గర్జింపజేసి పోవడం పెట్టుకున్నాడు.

"బావా, నీదసలు కారా, కారు ఫోటోనా? ఎప్పుడు చూసినా నిలబడే ఉంటది."

శ్యాంసుందర్ ఆ పగలంతా అన్నం ముట్టలేదు. సాయంత్రానికి హైదరాబాద్‌లోని ఇంకో కంపెనీకి ఫోన్ కొట్టాడు. ఎర్రబండికి పోటీ అని లోకమంతా చెప్పుకునే నీలం స్పోర్ట్స్ సెడాన్ ఆదివారం టెస్ట్ డ్రైవ్‌కు ఇంటి ముందుకు వచ్చింది. వెంట చైతన్య అనే సేల్స్ మేనేజర్, నల్ల టై కట్టుకుని.

"మీరు తుమ్మి ముక్కు తుడుచుకునే లోపల వంద దాటుతది సర్," అన్నాడు చైతన్య. తర్వాత విమలమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు. "మేడమ్ కాలు సంగతి విన్న. ఈ బండి బ్రేకు కాలు మాట వినది, కంప్యూటర్ మాట వింటది. ముందల రాడార్ ఉన్నది. ఇగ మీ కాలుకు రిటైర్మెంట్ మేడమ్. హాయిగ కాళ్లు మీద పెట్టుకొని కూసోండ్రి."

"విన్నవా? కాళ్లు మీద పెట్టుకో," అన్నాడు శ్యాంసుందర్. పెళ్లయ్యాక ఆయన అంత తియ్యగా మాట్లాడడం అదే మొదలు.

విమలమ్మ ముందు సీట్లో కూర్చుని కాళ్లు కిందే పెట్టుకుంది.

పొద్దుటి రౌండుకు వచ్చిన కుమారస్వామి ఎర్రబండి కూడా పోటీ అంటూ వెంటబడింది. రెండు బండ్లూ ఖమ్మం రోడ్డు పట్టాయి. నీలంబండి ఎట్లాంటిదంటే, అది రంగశాయిపేట దాటి ఒక్కసారి గర్జించగానే పంథిని చెరువులో కొంగలు లేచి ఖమ్మం జిల్లాలో దిగాయి. సీటు నడుమును మేనత్త లాగా పట్టుకుంది. స్టీరింగు వెనక గేరు రెక్కలు వేలు తాకితే చాలు పలుకుతున్నాయి. శ్యాంసుందర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. సరిగ్గా అప్పుడే మామునూరు దగ్గర ఒక బర్రె తల తిప్పి చూసింది. విమలమ్మ తొక్కింది. నీలంబండి, దాని రాడార్, దాని కంప్యూటర్, అన్నీ కలిసి రోడ్డు మధ్యన నిలబడ్డాయి. వెనక సీట్లోని చైతన్య టై ఎగిరి శ్యాంసుందర్ భుజం మీద పడింది.

"స్క్రీన్ మీద అంతా బాగానే ఉన్నట్టు చూపిస్తాంది సర్," అన్నాడు చైతన్య టై లాక్కుంటూ.

వర్ధన్నపేట దాటేలోపల రెండు మేకలకు, ఒక ఎగిరే పాలిథిన్ కవరుకు కూడా బండి ఆగింది. ఎర్రబండి ఎప్పుడో ముందుకు వెళ్లిపోయింది. రోడ్డు పక్కన సోమక్క చాయ్ గుడిసె ముందు దాన్ని ఆపి, బానెట్‌కు ఆనుకుని కుమారస్వామి రెండో చాయ్ తాగుతున్నాడు. గుడిసెకు ఎదుటి రోడ్డు అంచున సోమక్క పెనిమిటి కట్టయ్య వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి, కాళ్లతో చాళ్లు తీస్తున్నాడు. కోతలప్పుడు ఆ రోడ్డంతా అంతే, సగం బండ్లకు, సగం వడ్లకు.

"ఏం బావా, తోసుకుంట వచ్చినవా?"

"నోరు ముయ్ రా. పికప్ చూస్తే నీ బండి దీని ముందల గడియారం ముల్లు."

"పికప్ ఎక్కడ చూపెట్టినవ్? బర్రెకు చూపెట్టినవా?"

"నీది స్పీడ్ బ్రేకర్ ఎక్కితే పొట్ట గీసుకుంటది. చప్పుడు నేను మామునూరుల విన్న."

"గీసుకున్నా పోతది. నీ వెనక సీట్ల మనిషి పడుతడా? ఆ సారు మోకాళ్లు గదవకు తగులుతానయ్."

చైతన్య మోకాళ్లు సర్దుకుని, మా బండి మలుపుల్లో రోడ్డును కరిచి పట్టుకుంటుందన్నాడు. మా బండి అసలు మలుపును గుర్తే పట్టదు, తిన్నగా చేసేస్తుందన్నాడు కుమారస్వామి. చాయ్ చల్లారింది. చివరికి కుమారస్వామి గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఇది పోటీ కాదు బావా. నీ బండిల అక్క ఉన్నది. అక్క లేకుంట రా. రాయపర్తి దాకా పోయి తిరిగొద్దాం, పక్కపక్కకు."

శ్యాంసుందర్ భార్య వైపు తిరిగాడు. ఇన్నేళ్లు మింగినదంతా పైకి వచ్చింది. "దిగు విమలా. ఈ బండి కొంటున్న. రేపటి సంది నువ్వు ఆటోల రా. ఈ ముందు సీటు ఇగ నీది కాదు."

సోమక్క చాయ్ వడపోయడం ఆపింది.

విమలమ్మ దిగింది. తలుపు మెల్లగా వేసింది, అది మంచి గుర్తు కాదు. "మీ అమ్మను దవాఖానకు తీస్కపోయిన నాడు లారీ కింద పడకుంట ఆపింది ఈ కాలే. చిట్టీల షావుకారు కొడుకు నీ స్కూటర్‌కు అడ్డమొచ్చిన నాడు ఆపింది ఈ కాలే. ఒక్కనాడన్న మంచిగ ఆపినవే అన్నవా? నేను బ్రేకునైతే సర్వీసింగన్న చేయిస్తుంటివి. పో. ఇగ తొక్కను. నా ఒట్టు, నేను ఇగ తొక్క."

గుడిసె ముందున్న మంచం మీద రెండు కాళ్లూ మడిచి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. రెండు బండ్లూ తొర్రూరు వైపు దూసుకుపోయాయి. ఆ గాలికి చాయ్ మీద మీగడ ఎగిరిపోయింది.

"గంత కోపం మంచిది కాదక్కా," అంది సోమక్క.

"కోపం కాదు సోమక్కా. సీటు పోయింది. ఆయన పక్కన కూసునేది ఆ జరసేపే. దుకాణం తెరిస్తే ఆయన గిరాకీల మనిషి."

ఎండ నడినెత్తికి వచ్చింది. కట్టయ్య చేసే పని ఏ రైతైనా చేసేదే. ఎండ ముదిరాక రాళ్లు జరిపి, మిగిలిన కుప్ప కూడా విప్పి, వడ్లను రోడ్డు నడుమ దాకా పలచగా పరిచాడు. తర్వాత కొత్త అంచున, వడ్ల రంగే ఉన్న పాత టార్పాలిన్ పట్టాను మీదికి లాక్కుని పండుకున్నాడు. గుడిసె పక్కన రోడ్డు తిరిగే మలుపు అవతలి నుంచి వచ్చేవాళ్లకు ఆ అంచు కనబడదు. మంచం మీద కూర్చున్నవాళ్లకు మలుపు రెండు వైపులా కనబడుతుంది.

ముందు చప్పుడు వచ్చింది. తర్వాత చెట్ల మధ్య ఎరుపు, దాని పక్కనే నీలం, రోడ్డంతా నింపుకుని వస్తున్నాయి. వడ్ల వైపున ఉన్నది నీలం.

సోమక్క చేతిలోని గిన్నె జారింది. "అక్కా, మా ఆయన ఆడ పండుకున్నడు."

విమలమ్మ ఇంతవరకు తాను కూర్చున్న బండినే ఆపింది. నేల మీద నుంచి ఎన్నడూ ప్రయత్నించలేదు. పైగా ఒట్టు వేసింది.

"ఈడికెల్లి అందుతదా?" అంది సోమక్క.

"తెల్వది," అంటూ విమలమ్మ కుడికాలు మంచం దించి నేలను తొక్కింది.

ఆ తొక్కుడు ఎట్లాంటిదంటే, వర్ధన్నపేట నుంచి తొర్రూరు దాకా బస్సులు, ట్రాక్టర్లు, పత్తి లారీలు ఉన్నచోటనే నిలిచాయి. సైకిల్ మీద పోతున్న పాలాయన పడిపోకుండా ఒక కాలు పైకి, ఒక కాలు కిందికి అట్లాగే నిలిచాడు. నీలంబండి పట్టాకు మూరెడు దూరంలో ఆగింది. దాని ముందు చక్రం వడ్లలో దిగింది. పట్టా కింద కట్టయ్య అటు నుంచి ఇటు ఒత్తిగిల్లాడు.

బావ, బామ్మర్ది దిగారు. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

"చూసినవా నా బండి బ్రేకు? జర అన్న ఊగలేదు."

"ముందు ఆగింది నాది బావా. నీది వడ్లల్ల పోయింది."

"ఇది మా రాడార్ సర్," అన్నాడు చైతన్య.

ఇది విని సోమక్క నోరు తెరిచింది. విమలమ్మ ఆమె చేయి పట్టుకుని ఆపింది. కాలు మాత్రం నేల మీద నుంచి తీయలేదు. "చాయ్ పొయ్యి సోమక్కా. తొందరేం లేదు."

ఇద్దరూ మళ్లీ ఎక్కారు. ఎర్రబండి స్టార్ట్ కాలేదు. నీలంబండి స్టార్ట్ అయి, గర్జించి, ఒక్క వేలంత కూడా కదలలేదు. ఆ గర్జనకు పట్టా కదిలింది. కట్టయ్య లేచి కూర్చున్నాడు. కళ్లు నులుముకుని, తన మొహానికి మూరెడు దూరంలో ఉన్న నీలం బంపర్‌ను చూశాడు. అక్కడి నుంచి ఆయన కోపం ముందు శ్యాంసుందర్ కోపం చంటిపిల్ల కోపం.

"ఏం సేటూ, పండే మనిషి నెత్తికాడ బండి పెడుతరా? గా చక్రం కింద వడ్లు ఎవల తాత తెచ్చిస్తడు? రోడ్డు మీకు రాసిచ్చిండ్రా? వంగు. ఎత్తు. ఒక్క గింజ పోవద్దు."

జరిగిందేమిటో ఆయనకు ఎవరూ చెప్పలేదు. బట్టల సేటు, పత్తి సేటు, టై కట్టుకున్న మేనేజర్ వంగి చక్రాల సందుల్లోంచి వడ్లు ఏరారు.

"పట్టాను కంప్యూటర్ రోడ్డే అనుకున్నది సర్," అన్నాడు చైతన్య వంగినవాడు వంగినట్టే, చిన్న గొంతుతో.

శ్యాంసుందర్ దోసిట్లో వడ్లతో ఆగిపోయాడు. బంపర్‌ను చూశాడు. కట్టయ్య పండుకున్న చోట పట్టా మీద ఇంకా మనిషి ఆకారం ఉంది. ఆ ఆకారం నుంచి ఆయన చూపు రోడ్డు దాటి, మంచం మీది భార్య దాకా, ఆమె మోకాలి దాకా, నేలలో దిగినట్టున్న ఆ పాదం దాకా పోయింది. వడ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి. కట్టయ్య మళ్లీ తిట్టాడు. ఈసారి శ్యాంసుందర్‌కు ఆ తిట్టు చాలా బాగుంది. తిట్టడానికి మనిషి ఉన్నాడు.

ఆయన రోడ్డు దాటి మంచం ముందు నిలబడ్డాడు.

"మంచిగ ఆపినవే," అన్నాడు.

విమలమ్మ చాయ్ చివరి గుక్క తాగింది, గ్లాసు ఇచ్చింది, కాలు ఎత్తింది. ఖమ్మం రోడ్డు మొత్తం ఒక్కసారి కదిలింది. పాలాయన పైనున్న కాలు కిందికి వచ్చింది.

శ్యాంసుందర్ నీలంబండి ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె ఎక్కి, సీటు మీద రెండు కాళ్లూ మడుచుకుని బాసింపట్టు వేసింది.

"నువ్వు చెప్పినట్టే కూసున్న. ఇగ పోనియ్."

ఆయన స్టార్ట్ చేయలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, ఎదురుగా రోడ్డును చూస్తూ అన్నాడు. "జర కాళ్లు కింద పెట్టుకో విమలా. నాకు భయమైతాంది."

వెనకే వచ్చిన ఎర్రబండిలో కుమారస్వామి వరంగల్ దాకా హారన్ కొట్టలేదు. ఒక్కసారి కూడా ముందుకు పోలేదు.

కట్టయ్య వడ్లు కుప్పచేసి, పట్టా కప్పి, పట్నపోళ్లకు కండ్లు నెత్తికెక్కినయని గొణుక్కుంటూ అన్నానికి కూర్చున్నాడు. సోమక్క ఆయన పళ్లెంలో రేపటికని దాచిన కోడికూర అంతా వేసింది. ఏంది ఇయ్యాల అని ఆయన అడిగాడు. ఏం లేదు, తిను అంది, తినేదాకా ఎదురుగా కూర్చుంది.